పొదుపు ఎవరి నీతి?

నెలకింత అని లెక్క కట్టిన జీతం మీద బతికే మనిషికి లోకం ఉచితంగా ఇచ్చే సలహా ఒకటున్నది: పొదుపు చెయ్యమని. ఈ సలహా ఇచ్చేవాడు సాధారణంగా జీతం ఇచ్చేవాడో, అద్దె పుచ్చుకునేవాడో, అప్పు పెట్టేవాడో అయి ఉంటాడు. జీతం చాలటం లేదని మొదటివాడితో మొరపెట్టుకుంటే ఖర్చు తగ్గించుకోమంటాడు. అద్దె తగ్గించమని రెండోవాడిని అడిగితే చిన్న ఇల్లు చూసుకోమంటాడు. మూడోవాడికి మాత్రం మన పొదుపుతో పేచీ లేదు, వాయిదా తప్పకుండా కడితే చాలు.

ఈ సలహాకు మన అభ్యుదయవాదులు రెండు విధాలుగా జవాబు చెబుతూ వచ్చారు. కొందరు నవ్వి ఊరుకుంటారు. పొదుపు మధ్యతరగతి మనస్తత్వపు చిహ్నమనీ, వ్యవస్థ మారనిదే చిల్లర లెక్కలవల్ల ఒరిగేదేమీ లేదనీ వీరి వాదం. ఇక రెండోవారు, వీరి సంఖ్యే ఎక్కువ, సభలో ఆ మాటే అని, ఇంటికి వెళుతూ దోవలో చీటీ డబ్బు కట్టి వెళతారు. నేను ఈ రెండో తెగవాణ్ణి. కనుక ఈ విచారణ ఇతరులను తప్పుపట్టటం కోసం చేస్తున్నది కాదు. మనం నిత్యం చేసే పనికీ, చెప్పే మాటకూ మధ్య ఇంత దూరం ఉన్నప్పుడు, ఆ దూరం మన పిరికితనంవల్ల వచ్చిందా, మన సిద్ధాంతాన్ని మనం సరిగా అర్థం చేసుకోకపోవటంవల్ల వచ్చిందా అన్నది తేల్చుకోవటం అవసరం.

పొదుపు మంచిదా, చెడ్డదా? ప్రశ్నను ఈ రూపంలో వేస్తే జవాబు దొరకదని నా అభిప్రాయం. సత్యం, ధైర్యం, దయ మొదలైన వాటి సరసన పొదుపును కూర్చోబెట్టి, అదొక మనిషిలో ఉండే గుణమన్నట్టు మాట్లాడటంలోనే పొరపాటున్నది. పొదుపు ఇద్దరు మనుషుల మధ్య, కొన్నిచోట్ల ఇద్దరు వర్గాల మధ్య ఉండే సంబంధం. ఎవరి వాటాలోంచి తీశారు, తియ్యాలని ఎవరు నిర్ణయించారు, కూడినది ఎవరి చేతికి వెళ్ళింది అన్నవి తెలిస్తే తప్ప దాన్ని మెచ్చుకోవటానికీ వీల్లేదు, ఎగతాళి చెయ్యటానికీ వీల్లేదు.

మన సాహిత్యం సంగతి కొంచెం చూదాం. ప్రాచీన తెలుగు కవిత్వంలో దాతను పొగిడిన పద్యాలు కొల్లలు. లోభిని తిట్టిన పద్యాలకూ కొదవలేదు. జాగ్రత్తగా సంసారం చేసుకునే మనిషిని మాత్రం కవి పట్టించుకోలేదు. దీనికి కారణం వెదకటానికి అట్టే దూరం పోనక్కరలేదు. ఆస్థానకవి దాత ఇచ్చిన దానిమీద బతికినవాడు. లోభి అతనికి నీతిశాస్త్రం దృష్ట్యా ఎలా ఉన్నా, వృత్తి దృష్ట్యా శత్రువు. (ఈ మాట తరగతిలో అంటే విద్యార్థులు నవ్వుతారు, పరీక్షలో మాత్రం ఎవరూ రాయరు.) వేమన ఆస్థానకవి కాడు. ఆయన లోభిని వెక్కిరించింది తనకేదో ముట్టలేదని కాదు, పాతిపెట్టిన ధనం దాచినవాడికీ పక్కవాడికీ కూడా పనికిరాకుండా పోతుందని. ఆయన చూపు లోభి గుణాన్ని దాటి ధనం చేసే పని మీదికి పోయింది. గురజాడ ఈ విషయంలో మరొక అడుగు ముందుకు వేశాడు. ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధానులు పేరులోనే లోభాన్ని మోస్తున్న మనిషి. పైసాకు ప్రాణం విడిచే ఆ ముసలివాడే పసిపిల్ల సుబ్బిని డబ్బు పెట్టి కొనుక్కోవటానికి సిద్ధపడతాడు. 1892లో తొలిసారి రంగస్థలమెక్కిన ఈ నాటకం చూపించిందేమిటంటే, కూడబెట్టిన డబ్బు ఊరికే ఉండదని, ఏదో ఒకనాటికి అది మరొక మనిషి మీద అధికారంగా మారుతుందని.

అయితే లుబ్ధావధానులుకు నెలజీతం లేదు. పొదుపు అనే మాటకు ఇప్పటి నీతిపరమైన అర్థం వచ్చింది నెలజీతంతోనే అనుకుంటాను. పంట మీద బతికే రైతుకు గాదె నింపుకోవటం నీతి కాదు, వ్యవసాయంలో ఒక భాగం. విత్తనం దాచుకోనివాడు వచ్చే ఏడు సాగు చెయ్యలేడు. కచేరీలు, బడులు, రైలు ఆఫీసులు వచ్చి, ఒకటో తారీకు అన్నది సంసారాలకు పండుగ అయిన తరవాతనే, ముప్ఫయి రోజులకు సరిపోని డబ్బును ముప్ఫయి రోజులకు సర్దటం ఒక విద్య అయింది. మన దేశంలో పోస్టాఫీసు సేవింగ్సు బాంకు పెట్టినది 1882లో. అప్పటికి ఇంగ్లండులో సామ్యూల్ స్మైల్స్ ‘స్వయంసహాయం’ (1859), ‘పొదుపు’ (1875) అన్న పుస్తకాలు రాసి, కార్మికుడు తన పేదరికానికి తన దుబారానే తిట్టుకోవాలనే ధోరణికి మంచి ప్రచారం కల్పించాడు.

ఆ ధోరణికి అర్థశాస్త్రంలో పునాది అంతకు ముందే పడింది. పెట్టుబడిదారుకు లాభం ఎందుకు రావాలన్న ప్రశ్నకు, అతను తన డబ్బును అనుభవించకుండా ఓర్చుకున్నాడు గనుక, ఆ నిగ్రహానికి ప్రతిఫలమే లాభమని నస్సౌ సీనియర్ 1836లో జవాబు చెప్పాడు. మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో (1867) ఈ నిగ్రహవాదాన్ని ఎలా చీల్చి చెండాడాడో చదివినవారికి తెలుసు. అంతకు ఇరవైమూడేళ్ళ ముందు, 1844 నాటి రాతప్రతులలోనే, ఆయన ఇంకొక సూక్ష్మమైన సంగతి పట్టుకున్నాడు. సంపదను గురించిన శాస్త్రమని చెప్పుకునే అర్థశాస్త్రం నిజానికి తన అనుయాయులకు సన్యాసం బోధిస్తున్నదనీ, కూలిలో కొంత సేవింగ్సు బాంకుకు పట్టుకుపోయే కార్మికుణ్ణి ఆదర్శమూర్తిగా నిలబెడుతున్నదనీ ఆయన విమర్శ. పుస్తకం, నాటకం, స్నేహం, ఆలోచన ఒక్కొక్కటే మానుకుంటూ పోతే డబ్బు పెరుగుతుంది, మనిషి తరుగుతాడు.

ఈ విమర్శ ఎంత సత్యమో చాసో ‘వాయులీనం’ కథ చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ చిన్న సంసారంలో ఎవరూ దుర్మార్గులు కారు. భర్తకు భార్య మీద ప్రేమ ఉన్నది. ఆమెకు జబ్బు చేస్తుంది, ఆమె వాయులీనం అమ్ముడుపోతుంది. ఆ వస్తువు పోవటంలో ఇంట్లోనుంచి ఏమి వెళ్ళిపోయిందో లెక్కల పుస్తకం చెప్పలేదు. అందుకే అది కథ అయింది.

అయితే ఇంతవరకే చెప్పి ఆపితే మనం సగం సత్యం దగ్గర ఆగిపోయినట్టు. పొదుపును బోధించే వర్గం దాన్ని ఎప్పుడూ ఒకే గొంతుతో బోధించలేదని కూడా గుర్తించాలి. 1931 జనవరిలో కీన్స్ బ్రిటిష్ రేడియోలో మాట్లాడుతూ, దేశభక్తి గల గృహిణులు బజారుకు వెళ్ళి వస్తువులు కొనవలసిందని ప్రోత్సహించాడు. అందరూ ఒక్కసారే ఖర్చు మానుకుంటే సరుకు అమ్ముడుపోక పనులు పోతాయన్నది ఆయన వాదం. 1936లో ఆయన రాసిన గ్రంథంలో దానికి సిద్ధాంతరూపం వచ్చింది. సరుకు పేరుకుపోయినప్పుడు ఖర్చు పెట్టడం దేశభక్తి, జీతం పెంచమన్నప్పుడు పొదుపు చెయ్యటం నీతి. ఇవాళ ఒకే టెలిఫోను తెరమీద ఒక మూల వాయిదాల మీద కొత్త ఫోను కొనమనీ, ఇంకొక మూల నెలనెలా ఇంత మదుపు పెట్టమనీ పక్కపక్కన ప్రకటనలు కనబడతాయి. రెండింటికీ డబ్బు ఒకే జీతంలోనుంచి రావాలి.

మనవాళ్ళలో తరచు వినవచ్చే మరొక వాదం ఉన్నది. కార్మికుడు తక్కువతో బతకటం నేర్చుకుంటే యజమాని ఆ మేరకు కూలి తగ్గిస్తాడు గనుక, పొదుపు చెయ్యటం తన కొమ్మను తానే నరుక్కోవటమని. ఇందులో కొంత నిజం లేకపోలేదు. మార్క్స్ 1865లో వెస్టన్‌కు జవాబు చెబుతూ, శ్రమశక్తి విలువలో శరీరం నిలబడటానికి కావలసినదేగాక, ఆ దేశంలో ఆ కాలంలో మనిషి బతుకుకు అవసరమని స్థిరపడినది కూడా చేరి ఉంటుందని వివరించాడు. ఆ స్థాయి పోరాటంతో పెరుగుతుంది, అలవాటుతో తరుగుతుంది. ఈ సంగతి నాకు పుస్తకంలోకంటే కళాశాలలో బాగా బోధపడింది. నేను పనిచేసిన ఒక ప్రైవేటు కళాశాలలో జీతాలు పెంచమని అడిగినప్పుడు యాజమాన్యం తరఫున వచ్చిన పెద్దమనిషి, “నిరుడూ ఇంతే ఇచ్చాం గదా, ఎవరైనా పస్తులున్నారా మాస్టారూ?” అని చాలా మర్యాదగా అడిగాడు. మా ఇళ్ళలో జరుగుతున్న పొదుపు అతని చేతిలో సాక్ష్యమయింది.

కానీ ఇందులోనుంచి, కనుక పొదుపు చెయ్యకండి అనే ఉపదేశం ఎలా వస్తుంది? చెయ్యకపోతే ఇరవయ్యో తారీకు తరవాత ఏమి తినాలి? మా ఇంటి పద్దు చెబుతాను. చిన్న విషయమని పాఠకులు విసుక్కోవద్దు. నా జీతం 27,000. అందులో ఇంటి అద్దె 7,500, పిల్లవాడి బడి జీతం 2,500, కరెంటు 700, గ్యాసు 900, నా బస్సు ఖర్చు 1,200. ఈ 12,800 మీద మాకు ఏ అధికారమూ లేదు. ఎవరో నిర్ణయిస్తారు, మేము కడతాం. మిగిలిన 14,200లో బియ్యం 1,400, పాలు 1,800, పచారీ సామాను 3,500, కూరలు 2,000, మా అమ్మ మందులు 1,600. చీటీకి 2,000. ఇక 1,900 మిగులుతుంది, అందులోనే బట్టలు, పండుగ, చుట్టం, పెళ్ళిలో చదివింపు, పుస్తకం. పొదుపు చెయ్యమని చెప్పే పెద్దలు దయచేసి ఈ పట్టీని ఒకసారి చూడాలి. కోత పెట్టటానికి వీలున్నవి ఏవి? అద్దె కాదు, ఫీజు కాదు. కూర, పాలు, మందు. అంటే శరీరం. శరీరాలలోనైనా అందరివీ కావు. సంపాదించే మగవాడికీ, చదువుకునే పిల్లవాడికీ కంచంలో తగ్గదు. ఇంట్లో ఆఖరున భోంచేసే మనిషికి తగ్గుతుంది. పొదుపరి ఇల్లాలు అని మనం మెచ్చుకునేది చాలాచోట్ల ఈ తగ్గింపునే.

చీటీ సంగతి ఎత్తాను గనుక అది కూడా చెప్పుకోవాలి. ఇరవైమంది, నెలకు రెండేసి వేలు, పాట నలభైవేలకు. మా వీధిలో నడిచే పద్ధతి ఇది. ఎవరికి డబ్బు అవసరం ఎక్కువో వాళ్ళు ఎక్కువ తగ్గించి పాడతారు. ఆసుపత్రి ఖర్చు నెత్తిమీద ఉన్నవాడు పదివేలు తగ్గించి ముప్ఫయివేలకే ఎత్తుకుంటాడు. ఆ పదివేలు ఇరవైమందికీ తలా ఐదువందలుగా పంచుతారు. (పాట నడిపేవాడి కమిషను పక్కన పెట్టి చెబుతున్నాను.) ఆ నెల నేను 1,500 మాత్రమే కట్టి, మంచి లాభం వచ్చిందని సంతోషిస్తాను. ఆ ఐదువందలు ఎక్కడనుంచి వచ్చాయి? ఒకడి తొందర, ఒకడి రోగం. పేదవారు ఒకరికొకరు సాయం చేసుకునే ఏర్పాటులో కూడా, ఎక్కువ ఇబ్బందిలో ఉన్నవాడు తక్కువ ఇబ్బందిలో ఉన్నవాడికి వడ్డీ కడుతున్నాడు. మాలో ఎవరికీ దురాశ లేదు. అయినా లెక్క అలాగే నడుస్తుంది.

అలాగని పొదుపులో సామాజిక శక్తి లేదా అంటే, అదీ కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తరవాత, ఆ జిల్లా ఆడవాళ్ళు పొదుపులక్ష్మి పేరుతో రోజుకొక్క రూపాయి దాచటం మొదలుపెట్టారు. మొగుడి సారాకు పోయే డబ్బు తన చేతిలో నిలిచిన మొదటి రూపాయి అది. దాన్ని చిల్లర లెక్క అని కొట్టిపారేసే అధికారం మనకెవరు ఇచ్చారు? నిర్ణయించినది ఆమె, కూడినది ఆమె సంఘం చేతిలో ఉన్నది. ఆ తరవాత కథ మారింది. ఆడవాళ్ళు వాయిదాలు తప్పరని లోకానికి తెలిసిపోయింది. ఆ గుణాన్ని పెట్టుబడిగా చేసుకుని సూక్ష్మరుణ సంస్థలు పల్లెల మీద పడ్డాయి. వసూళ్ళ వేధింపులు, ఆత్మహత్యల వార్తలు వచ్చిన మీదట 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం వాటిని అదుపు చేస్తూ ఆర్డినెన్సు తేవలసివచ్చింది. ఆ ఆడవాళ్ళ గుణం మారలేదు. రూపాయి మీద అధికారం చేతులు మారింది.

ఉద్యోగుల విషయంలో కూడా ఇటువంటిదే జరిగింది. 2004 జనవరి ఒకటి తరవాత కేంద్ర ప్రభుత్వంలోనూ, అదే ఏడు సెప్టెంబరు ఒకటి తరవాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలోనూ చేరినవారికి నిర్ణీత పింఛను పోయి వాటాపింఛను వచ్చింది. జీతంలో పదోవంతు కోసి మదుపులో పెట్టాలి, ముసలితనంలో ఎంత వస్తుందో బజారు చెబుతుంది. వృద్ధాప్యానికి హామీగా ఉండవలసిన హక్కు పొదుపు అనే బాధ్యతగా మారటం చూసి మా ఉపాధ్యాయ మిత్రులు వీధికెక్కారు. వారి కోపం పొదుపు మీద కాదు.

ఇక అసలు చెప్పదలచుకున్నది చెబుతాను. పైన చెప్పిన కళాశాలలోనే మూడు నెలల జీతాలు బకాయి పడితే పద్నాలుగుమంది లెక్చరర్లం పాఠాలు మానేశాం. పందొమ్మిది రోజులు నడిచింది. ఎనిమిదోనాడు ఒకాయన, భౌతికశాస్త్రం చెప్పేవాడు, వెళ్ళి సంతకం పెట్టి తరగతిలోకి పోయాడు. ఆ సాయంకాలం టీకొట్టు దగ్గర మాలో ఒకరు ఆయన్ని ద్రోహి అన్నారు. నేను అనలేదు గాని, కాదనలేదు. వర్గస్పృహ లేకపోవటాన్ని గురించి ఏదో కొంత మాట్లాడాను కూడా. తరవాత తెలిసింది, తండ్రి ఆపరేషనుకు చేబదులు తెచ్చి, దానికి నెలకు ఆరువేలు కడుతున్నాడట. చేతిలో వెయ్యి రూపాయలు లేవు. నా చేతిలో రెండు నెలల తిండికి సరిపడా ఉన్నది. మా ఇద్దరి మధ్యా ఉన్న తేడా వర్గస్పృహ కాదు, అరవైవేల రూపాయలు.

మనం పొదుపును తేలిగ్గా తీసిపారేసినప్పుడు మరిచిపోతున్న సంగతి ఇదే. జీతగాడు ‘చెయ్యను’ అని చెప్పటానికి ఎన్నాళ్ళు నిలబడగలడన్నది అతని నమ్మకాల మీద ఎంత ఆధారపడి ఉంటుందో, ఇంట్లో బియ్యం డబ్బా మీద కూడా అంతే ఆధారపడి ఉంటుంది. సమ్మెనిధి అంటే కార్మికోద్యమం ఈ సంగతి గ్రహించి చేసుకున్న పొదుపే. అది ఒక్కొక్కడి ఇంట్లో వేరువేరుగా ఉన్నంతకాలం, ఉన్నవాడు వీరుడవుతాడు, లేనివాడు ద్రోహి అవుతాడు. ఆ సమ్మెలో రెండు నెలల బకాయి చేతికి వచ్చింది, మూడో నెలది ఇంతవరకు రాలేదు. ఆ తరవాత మేము తలా మూడువందలు వేసుకుని ఒక నిధి పెట్టాం. ఇందులో పాట లేదు, తగ్గింపు లేదు. ఎవరికి అవసరం ఎక్కువో వారికి ముందు, వడ్డీ లేకుండా. బ్రహ్మాండంగా నడుస్తున్నదని చెప్పను. ఇద్దరు మానేశారు, ఒకాయన తీసుకున్నది తిరిగి కట్టటం లేదు. ఆయన్ని అడగటానికి వెళ్ళే బాధ్యత ప్రతినెలా ఒకరి మీద వేసుకుంటాం, ప్రతినెలా ఎవరూ వెళ్ళరు.

నా అరవైవేల సంగతి ఇంకా మిగిలి ఉన్నది. వాటిని నేను కూడబెట్టాననే అనుకున్నాను, ఆ ధైర్యం నాదేననుకున్నాను. ఆమధ్య ఆదాయపు పన్ను కాగితాల కోసం మా ఇంటి పద్దు పుస్తకాలు వెనక్కి తిరగవేశాను. అవి మా ఆవిడ రాస్తుంది. మా అమ్మకు రక్తపోటు, చక్కెర రెండూ ఉన్నాయి. మందుల పద్దు ప్రతినెలా 1,600. సమ్మె నెల పేజీలో 800 అని ఉన్నది. మరుసటి నెల కూడా 800. అమ్మను అడిగితే, “రోజు విడిచి రోజు వేసుకున్నానురా, ఏమయింది ఇప్పుడు?” అన్నది, పప్పులో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండానే. ఆ అంకె పక్కన మా ఆవిడ పెన్సిలుతో చిన్నగా రాసిపెట్టుకున్నది: ‘అత్తయ్య వద్దన్నారు. ఆయనకు చెప్పవద్దన్నారు.’